సాయంత్రం ఫ్లైట్, విండో సీటు, శ్రీకాకుళం దారి: టికెట్ నుంచి ఇంటి గడప దాకా పూర్తి మార్గదర్శి

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ శ్రీకాకుళం, విజయనగరం వచ్చిపోయేవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. సాయంత్రం పూట హడావుడి లేకుండా, విండో సీట్లో కూర్చుని, పొద్దు వాలడం చూసుకుంటూ ఇంటికి రావాలంటే ఏ ఫ్లైట్ ఎక్కాలి, ఏ సీటు తీసుకోవాలి, దిగాక ఊరికి ఎలా చేరాలి?

చాలామంది టికెట్ రేటు చూసి కొనేసి, సీటు దొరికింది తీసుకుని, విశాఖలో దిగాక కారు కోసం వెతుక్కుంటారు. ఈ క్రమాన్ని తిరగేయాలి. మన జిల్లాలవాళ్లకు విమానం దిగడంతో ప్రయాణం అయిపోదు, ఇంకా రోడ్డు మిగిలే ఉంటుంది. అందుకే ఇంటి గడప దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి.

1. ముందు ఇంటికి చేరే టైము తేల్చుకోండి

శ్రీకాకుళం టౌన్లో ఇల్లు, రాత్రి పదికల్లా అన్నం ముందు కూర్చోవాలనుకుందాం. విశాఖ ఎయిర్‌పోర్టు నుంచి శ్రీకాకుళం సుమారు 110 కి.మీ. సాయంత్రం ట్రాఫిక్‌తో కలిపి కారులో రెండుంపావు గంటలు వేసుకోండి. విమానం దిగి, బెల్టు మీద సామాను తీసుకుని, కారెక్కడానికి అరగంట. అంటే 7:15కల్లా చక్రాలు నేలను తాకాలి.

విజయనగరమైతే సుమారు 60 కి.మీ., గంటన్నర. అదే పదింటికి ఇంట్లో ఉండాలంటే ఎనిమిదికి దిగినా చాలు.

పలాస, ఇచ్ఛాపురం వైపు వెళ్లేవాళ్ల లెక్క వేరు. శ్రీకాకుళం దాటాక పలాసకే ఇంకా 75 కి.మీ. దాకా ఉంటుంది, ఇచ్ఛాపురం దానికీ అవతల. రాత్రి పూట అంత దూరం కారులో వెళ్లేకన్నా విశాఖ స్టేషన్లో రైలెక్కడమే మేలు. ఆ రైలుకు, ఫ్లైటుకు మధ్య కనీసం మూడు గంటల తేడా పెట్టుకోండి.

ఇంకొకటి. టికెట్ మీద దిగే విమానాశ్రయం పేరు చదవండి. భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం అని ఉంటే పై లెక్క మొత్తం మారిపోతుంది. అక్కడి నుంచి విజయనగరం పాతిక కిలోమీటర్ల చిల్లర, శ్రీకాకుళం 65 లోపే. కారు మాట్లాడేటప్పుడు కూడా ఆ పేరే చెప్పండి. ఇక్కడ నేను రాసే దారులు, దృశ్యాలు విశాఖలోని నేవీ రన్‌వే మీద దిగే ఫ్లైట్లవి.

2. రద్దీ లేని రోజు పట్టుకోండి

ప్రశాంతంగా రావాలంటే మంగళ, బుధ, గురువారాల్లో చూడండి. శుక్రవారం సాయంత్రం విమానం కిక్కిరిసి ఉంటుంది, రేటూ ఎక్కువే. సంక్రాంతి ముందు వారం, దసరా, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో ప్రశాంతత మాట మరిచిపోండి. ఆ రోజుల్లో రావాల్సిందే అయితే టికెట్ నెలల ముందే కొనాలి.

ఆకాశం సంగతి కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుముల మబ్బులు లేస్తాయి, కుదుపులుంటాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మన వైపు ఆకాశం సాధారణంగా తేటగా ఉంటుంది. నన్నడిగితే జనవరి చివర, పండగ రద్దీ తగ్గాక వచ్చే వారాలే దీనికి అన్నిటికన్నా మంచివి. ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లు మాత్రం ఆ నెలల్లో పొగమంచు ఆలస్యాన్ని లెక్కలో వేసుకోవాలి.

3. పొద్దు వాలే టైముకు విమానం గాలిలో ఉండాలి

టికెట్ మీద ఉండేది విమానం గేటు నుంచి కదిలే టైము. నేల విడిచేసరికి ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. అందుకని మీరు ఎక్కే ఊళ్లో సూర్యాస్తమయానికి అరగంట నుంచి ముప్పావుగంట ముందు బయలుదేరే ఫ్లైట్ చూసుకోండి.

సూర్యాస్తమయాలు ఉజ్జాయింపుగా ఇలా ఉంటాయి:

- హైదరాబాద్: డిసెంబరు మొదట్లో 5:40, జూన్‌లో 6:50
- బెంగళూరు: డిసెంబరులో 5:55, జూన్‌లో 6:45
- చెన్నై: డిసెంబరులో 5:45, జూన్‌లో 6:35
- ఢిల్లీ: డిసెంబరులో 5:25, జూన్‌లో 7:20

మనం వెళ్లేది తూర్పు వైపు. పొద్దుకు ఎదురు దిక్కున పరుగెడుతున్నాం కాబట్టి చీకటి త్వరగా ముంచుకొస్తుంది. హైదరాబాద్‌లో ఎండ ఉండగానే ఎక్కినవాళ్లు విశాఖలో నిండు చీకట్లో దిగుతారు. ఆలస్యంగా బయలుదేరే ఫ్లైట్ తీసుకుని దారిలో పొద్దు కనిపిస్తుందనుకుంటే కనపడదు.

ఇప్పుడు ఈ టైమును మొదటి అంశంలోని లెక్కతో కలిపి చూడండి. శీతాకాలంలో హైదరాబాద్ నుంచి ఐదు దాటాక బయలుదేరితే ఆరున్నర ప్రాంతంలో దిగుతారు, తొమ్మిదిన్నరలోపు శ్రీకాకుళం. రెండూ కుదిరాయి. వేసవిలో ఆరుంపావుకు బయలుదేరితే ఏడున్నర దాటుతుంది, ఇంటికి పదిన్నర అవుతుంది. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వస్తుంటే అలాంటప్పుడు పొద్దు వదులుకుని మధ్యాహ్నం ఫ్లైట్ తీసుకోండి.

4. ఏ వైపు కూర్చోవాలి

అందరూ తప్పేది ఇక్కడే. సాయంత్రం కాబట్టి పడమర వైపు సీటు అనుకుంటారు గానీ విమానం ఏ దిక్కుకు పోతోందో చూసుకోరు. ముందుకు తిరిగి కూర్చుంటే ఎడమ చివరి సీటు ఏ. కుడి చివరిది, మూడు మూడు సీట్ల విమానాల్లో, ఎఫ్.

బెంగళూరు నుంచి: విమానం ఈశాన్యానికి వస్తుంది. ఏడాది పొడవునా పొద్దు ఎడమ వైపే వాలుతుంది. ఏ తీసుకోండి. సూటి దారి మచిలీపట్నం, నరసాపురం, కాకినాడల మీదుగా పోతుంది కాబట్టి ఎడమ కిటికీలో డెల్టా కనిపిస్తుంది. మసక వెలుతురులో చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఇంకా మెరుస్తుంటాయి, చుట్టూ పొలాలు మాత్రం నల్లబడిపోయి ఉంటాయి. కుడి వైపు సముద్రం.

చెన్నై నుంచి: ఇదీ ఎడమే. తీరం, పొద్దు రెండూ ఆ వైపే. పౌర్ణమి సాయంత్రమైతే మాత్రం నేను కుడి వైపు తీసుకోమంటాను. ఇటు పొద్దు గుంకే వేళకు అటు బంగాళాఖాతం మీద చంద్రుడు లేస్తాడు. నీళ్ల మీద ఆ వెలుగు దారి విమానంతో పాటే కదులుతూ వస్తుంది. పంచాంగం చూసి టికెట్ కొనదగ్గ దృశ్యం అది.

హైదరాబాద్ నుంచి: ఇది చిక్కు దారి. విమానం దాదాపు నేరుగా తూర్పుకు వస్తుంది కాబట్టి పొద్దు వెనక పడుతుంది. శీతాకాలంలో సూర్యుడు పడమరకు దక్షిణంగా వాలుతాడు, అప్పుడు కుడి వెనకగా కనిపిస్తాడు. వేసవిలో ఉత్తరంగా వాలుతాడు, అప్పుడు ఎడమ వెనకగా. అందుకని అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎఫ్, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఏ. మార్చి, సెప్టెంబరుల్లో సూర్యుడు తోక వెనకే ఉంటాడు, ఏ వైపు కూర్చున్నా రంగులు తప్ప సూర్యబింబం కనపడదు. సూటి దారిలో పాపికొండల ప్రాంతంలో గోదావరి దాటుతాం. కింద కొండలన్నీ నలుపెక్కాక కూడా నది మాత్రం తెల్లగా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది.

ముంబయి నుంచి: హైదరాబాద్ లెక్కే. చలికాలం కుడి, వేసవి ఎడమ.

ఢిల్లీ నుంచి: విమానం ఆగ్నేయానికి వస్తుంది కాబట్టి పొద్దు కుడి వైపు. ఎఫ్.

వాతావరణాన్ని బట్టి పైలట్లు దారి మారుస్తారు కాబట్టి ఊళ్లు అటూ ఇటూ కావచ్చు. వైపు మాత్రం సాధారణంగా మారదు.

5. ఏ వరస

విండో సీటు తీసుకుని రెక్క చూస్తూ వచ్చేవాళ్లు చాలామంది. సీట్ల బొమ్మలో ఎమర్జెన్సీ ఎగ్జిట్ గుర్తున్న వరసలు సాధారణంగా రెక్క మీదుంటాయి. వాటికి ముందు రెండు మూడు, వెనక ఐదారు వరసల్లో కూర్చున్నా కిందికి చూస్తే రెక్కే అడ్డం.

మనకు పొద్దు వెనక వైపు కాబట్టి రెక్కకు ముందు కూర్చుంటే చూపు రెక్కకు తగులుతుంది. అందుకని చివరి ఆరేడు వరసల్లో తీసుకోండి. ముందు వరసలకన్నా ఇవి తరచుగా చవక కూడా. దిగేటప్పుడు ఆలస్యమవుతుందంటారు గానీ, చెక్-ఇన్ సామాను ఉన్నప్పుడు ముందు దిగినా బెల్టు దగ్గర నిలబడాల్సిందే.

ఏటీఆర్ చిన్న విమానమైతే ఈ బాధ తక్కువ. దాని రెక్క పైన ఉంటుంది, కిందికి చూపు బాగా ఆనుతుంది.

సీటు ఖరారు చేసే ముందు ఇవి చూసుకోండి:

- కిటికీ లేని వరసలు కొన్ని ఉంటాయి. సీటు వివరాల్లో ఆ మాట ఉందేమో చదవండి.
- చివరి వరస సీటు వెనక్కి వాలకపోవచ్చు, పక్కనే టాయిలెట్. ఒక్క వరస ముందుకు జరగండి.
- ఉచిత సీటు కోసం వెబ్ చెక్-ఇన్ దాకా ఆగితే విండో దొరకడం కష్టం. ఈ ప్రయాణానికి సీటు డబ్బులు పెట్టడం దండగ కాదు.

6. సామాను

చాలా సంస్థల్లో దేశీయ ఎకానమీ టికెట్‌కు చేతి బ్యాగు 7 కిలోలు, చెక్-ఇన్ 15 కిలోలు. విండో సీట్లో కూర్చున్నాక మాటిమాటికీ లేస్తే పక్కనున్న ఇద్దరినీ లేపాలి. కావలసినవన్నీ ఒక చిన్న సంచిలో పెట్టుకుని ముందు సీటు కింద తోసేయండి.

ఆ సంచిలో:

- మంచినీళ్ల సీసా (సెక్యూరిటీ దాటాక నింపుకోండి)
- పలచటి శాలువా లేదా పెద్ద చున్నీ. చలికి మాత్రమే కాదు, ఇంకో పని కూడా ఉంది, కింద చెబుతాను
- కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డ
- పవర్ బ్యాంక్. చెక్-ఇన్ బ్యాగులో అస్సలు పెట్టకూడదు
- చిల్లర, టోల్ దగ్గరా టీ దగ్గరా పనికొస్తుంది
- చిన్నపిల్లలుంటే చప్పరించడానికి ఏదైనా

మందులు, ఇంటి తాళాలు చెక్-ఇన్ బ్యాగులో వేయకండి. తిరుగు ప్రయాణంలో ఆవకాయ, నెయ్యి మాత్రం చెక్-ఇన్ లోనే వెళ్లాలి. సీసా మూత మీద పాలిథీన్ వేసి బిగించి కట్టి, పాత చీరలో చుట్టి బట్టల మధ్య పెట్టండి.

7. ఎయిర్‌పోర్టులో

రెండు గంటల ముందు చేరండి. చెక్-ఇన్ కౌంటరు సాధారణంగా బయలుదేరే టైముకు గంట ముందు, గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు. ఐటీ ఆఫీసుల నుంచి నేరుగా వచ్చేవాళ్లకు సాయంత్రం ట్రాఫిక్ పెద్ద గండం. వీలైతే ఆ రోజు ఇంటి నుంచే పని చేసి బయలుదేరండి. ఢిల్లీ, బెంగళూరు, చెన్నైల్లో టెర్మినల్ నంబరు ముందురోజే చూసుకోండి. డిజియాత్ర (ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే యాప్) ఉంటే గేటు దగ్గర వరస తగ్గుతుంది.

విమానమెక్కాక మీ విండో సీట్లో ఎవరైనా పెద్దావిడ కూర్చుని ఉండొచ్చు. బోర్డింగ్ పాస్ చూపించి, "అమ్మా, ఇది నాదమ్మా, మీది ఈ పక్కది" అని నెమ్మదిగా చెప్పండి. మొదటిసారి విమానమెక్కి ఆశగా చూస్తున్నారనిపిస్తే పైకి లేచేదాకా ఉండనిచ్చి, సీటు బెల్టు లైటు ఆరాక మారండి. పొద్దు వాలే సమయం ఎలాగూ ఆ తర్వాతే.

8. కిటికీ దగ్గర

కూర్చోగానే కిటికీ పలకను మెత్తటి గుడ్డతో తుడవండి. ముందు ప్రయాణికుడి తల ఆనిన జిడ్డు మరక ఒక్కటుంటే చాలు, ఎదురు వెలుగులో బయటంతా మసకబారుతుంది.

పలక కింది భాగంలో ఒక సన్నటి రంధ్రం కనిపిస్తుంది. పిల్లలు అది చూసి భయపడుతుంటారు. అది కావాలని పెట్టిందే. బయటి పలక గాలి ఒత్తిడిని మోస్తుంటే, మధ్య పలకకున్న ఆ రంధ్రం రెండు పలకల మధ్య ఒత్తిడిని సమంగా ఉంచుతుంది, తేమ చేరకుండా చూస్తుంది. పైకి వెళ్లాక దాని చుట్టూ మంచు పలుకులు గుండ్రంగా అల్లుకుంటాయి. వాలే పొద్దు వెలుగు తగిలినప్పుడు ఒక్కో పలుకూ నారింజ రంగులో విడివిడిగా కనిపిస్తుంది. దగ్గరికి వంగి చూడండి.

పొద్దు పూర్తిగా వాలాక షేడ్ దించేయకండి. మరో ఇరవై నిమిషాలు ఆగితే ఆకాశం అంచున ఎరుపు, దాని పైన ముదురు నీలం, ఆ పైన మొదటి చుక్కలు వస్తాయి.

చీకటి పడ్డాక వచ్చే ఇబ్బంది, అద్దంలో మన ముఖమే కనపడడం. దానికి మందు శాలువా. మీ రీడింగ్ లైటు ఆర్పి, శాలువాను తల మీదుగా కిటికీ అంచు దాకా కప్పుకోండి. లోపలి వెలుగు ఆగిపోతుంది. ఒక నిమిషంలో కళ్లు అలవాటు పడతాయి, అప్పటిదాకా నల్లగా ఉన్న చోట ఊళ్ల దీపాలు బయటపడతాయి.

ఫొటో తీయాలంటే ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను అద్దానికి దగ్గరగా పెట్టండి, ఆనించకండి. ఆనిస్తే విమానం అదురుకు బొమ్మ కదిలిపోతుంది. రెండు మూడు తీసి ఫోన్ లోపల పెట్టేయండి. పొద్దు వాలేది కొద్ది నిమిషాలే, అదంతా తెర మీద చూడడం నష్టం.

9. విశాఖలో దిగేటప్పుడు

విశాఖ ఎయిర్‌పోర్టు నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగా. అక్కడ ఫొటోలు, వీడియోలు తీయకూడదు. కిందికి దిగడం మొదలవగానే ఫోన్ పక్కన పెట్టేయండి. సిబ్బంది షేడ్ మూయమంటే వెంటనే మూయాలి, వాదించొద్దు. అలా అననప్పుడు మాత్రం చూడడానికి చాలా ఉంది.

గాలిని బట్టి విమానం సముద్రం వైపు నుంచో, అనకాపల్లి వైపు నుంచో వస్తుంది. సముద్రం వైపు నుంచి వస్తే ముందు చీకటి నీళ్ల మీద లంగరేసిన ఓడల దీపాలు కనిపిస్తాయి. తర్వాత కుడి కిటికీలో బీచ్ రోడ్డు దీపాల వరస, వెనక ఊరు. ఎడమ కిటికీలో డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు, గాజువాక వైపు పరిశ్రమల వెలుగు. పడమర నుంచి వస్తే ఎడమన సింహాచలం కొండ, కుడిన స్టీల్ ప్లాంటు వైపు దీపాలు.

చెవులు బిగుసుకుంటే మింగుతూ ఉండండి, లేదా నోరు బాగా తెరిచి ఆవలించండి. పిల్లలు నిద్రపోతుంటే దిగడం మొదలయ్యే ముందే లేపండి. నిద్రలో మింగరు కాబట్టి నొప్పి ఎక్కువై ఏడుస్తారు. జలుబు గట్టిగా ఉంటే ప్రయాణానికి ముందురోజే డాక్టరును అడగండి.

10. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి

కారు ముందురోజే మాట్లాడుకోండి. మాట్లాడేటప్పుడే ఇవన్నీ తేల్చుకోవాలి:

- రేటు ఒకవైపుకా, ఖాళీ తిరుగు ప్రయాణం కలిపా?
- టోల్, పార్కింగ్ ఎవరివి? శ్రీకాకుళం దారిలో నాతవలస టోల్ ఉంటుంది
- ఫ్లైట్ ఆలస్యమైతే వెయిటింగ్ ఎంత?
- డ్రైవర్ పొద్దున్నుంచి బండి తోలుతూనే ఉన్నాడా? ఇది మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ దారి బాగా నిండి ఉంటుంది. ఊళ్లోకి వెళ్లే పని లేకపోతే గోపాలపట్నం మీదుగా పెందుర్తి వెళ్లి, అక్కడ ఆనందపురం బైపాస్ ఎక్కమని చెప్పండి. ఆనందపురం నుంచి తగరపువలస, భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం. విజయనగరం వాళ్లకు పెందుర్తి నుంచి కొత్తవలస మీదుగా సూటి రోడ్డుంది.

బస్సుకైతే ఆటోలో ద్వారకా బస్ స్టేషన్‌కు వెళ్లి అక్కడే ఎక్కండి. మద్దిలపాలెం, హనుమంతవాకల్లో ఆపి ఎక్కొచ్చు గానీ పెట్టెలతో సీటు దొరకడం కష్టం. రైలుకు వెళ్లే శ్రీకాకుళం వాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, టౌనుకు 13 కి.మీ. దూరం. రాత్రి ఆటో సంగతి ముందే చూసుకోవాలి.

దిగగానే ఇంటికి ఫోన్ చేయండి. "ఎంతవరకొచ్చావు? అన్నం ఉంచమంటావా?" అని అడుగుతారు. విశాఖలో దిగానని చెప్పి ఊరుకోకుండా, ఎన్నింటికి చేరతారో అరగంట ఎక్కువ కలిపి చెప్పండి. చెప్పిన టైము దాటితే అమ్మానాన్నలు గుమ్మం దగ్గరే నిలబడతారు.

11. తేడా వస్తే

ఫ్లైట్ ఆలస్యమైంది: రెండున్నర గంటలలోపు ప్రయాణానికి రెండు గంటలు, ఆపైన ఆలస్యమైతే తినడానికి, తాగడానికి ఇవ్వాలన్నది డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) నిబంధన. కౌంటర్లో అడగండి. ఆరు గంటలు దాటితే వేరే ఫ్లైటో, పూర్తి డబ్బో కోరుకోవచ్చు. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయలుదేరాల్సిన ఫ్లైట్ ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ వసతి కూడా ఇవ్వాలి. తుపాను లాంటి, సంస్థ చేతిలో లేని కారణాలకు మినహాయింపులుంటాయి.

దిగేసరికి పదకొండు దాటేలా ఉంది: శ్రీకాకుళం దాకా రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. విశాఖలో చుట్టాలింట్లోనో లాడ్జిలోనో పడుకుని తెల్లవారి మొదటి బస్సు ఎక్కండి. అర్ధరాత్రి దాటాక హైవే పక్కన ఆపి ఉంచిన లారీలను అలసిన డ్రైవర్ సమయానికి చూడలేడు.

సీటు మార్చేశారు: విమానం రకం మారితే ఇలా జరుగుతుంది. విండో సీటుకు డబ్బు కట్టిన రసీదు చూపించి గేటు దగ్గరే అడగండి. విండో ఇవ్వలేకపోతే ఆ డబ్బు తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా పెట్టండి.

సామాను రాలేదు: హాలు దాటి బయటికి రాకముందే సంస్థ కౌంటర్లో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోండి. చిరునామా రాసేటప్పుడు విశాఖ చుట్టాలది కాకుండా మీ ఊరి చిరునామా, పిన్ కోడ్, ఇంట్లో ఎప్పుడూ ఉండేవాళ్ల ఫోన్ నంబరు రాయండి. బోర్డింగ్ పాస్, బ్యాగేజీ ట్యాగు ముక్క సామాను చేతికొచ్చేదాకా పారేయకండి.